ఎత్తుకొండ మేకల లెక్క

కోడలి ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఆ ముసలావిడ "పరిశోధన కేంద్రంలో చేస్తుంది" అని అక్కడితో ఆపేసేది. అక్కడ ఏం చేస్తుందని మళ్లీ అడిగితే వినపడనట్టు వంటింట్లోకి నడిచేది. నిజానికి ఆవిడవి పాము చెవులు. పక్కింట్లో చెంచా కింద పడితే "ఏం పడిందర్రా?" అని ఇక్కణ్ణుంచే కేకేసే మనిషి.

ఆవిడ నోటితో చెప్పలేకపోయిన ఆ పని ఏమిటంటే, కోడలు కొండలెక్కి అడవిలో తిరిగే కొండమేకల పెంటికలు ఏరుతుంది.

వీధిలో అందరూ ఆమెను కొండక్క అనేవాళ్లు. ఆమె పుట్టింది రాతి క్వారీ పక్కన. తండ్రి రాళ్లు కొట్టేవాడు. మిగతా పిల్లలు నేలమీద నడక నేర్చుకుంటే ఆమె బండల మీద నేర్చుకుంది. పెళ్లయి ఈ వీధికి వచ్చాక మొదట్లో పరిశోధన కేంద్రంలో గాజు సీసాలు కడిగే పనిలో చేరింది. ఒకరోజు కొండమీదికి వెళ్లాల్సిన మనిషి కాలు బెణికి కూలబడ్డాడు. కింద జీపు సిద్ధంగా ఉంది, పైన ఎండ ముదురుతోంది, ఎవరు వెళ్తారని అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. కొండక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి "ఏం తేవాలో చెప్పండి, తెస్తాను" అంది. ఆ పూట వెళ్లిన మనిషి మళ్లీ సీసాల దగ్గరికి రాలేదు. కొండ ఆమెది అయిపోయింది.

ఏరడం అంటే గోతంలో ఎత్తుకురావడం కాదు. తెల్లారగట్ల వేసిన పెంటిక అయితేనే పనికొస్తుంది. పైన సన్నటి జిగురు మెరుస్తూ ఉండాలి. మేక పేగు లోపలి గోడను రాసుకుంటూ బయటికి వస్తుంది కాబట్టి ఆ జిగురులో మేక ఒంటి కణాలు కాసిని అంటుకుని ఉంటాయి. వాటిలోనే ఆ మేక పుట్టుక తాలూకు సమాచారమంతా ఉంటుంది. ఎండ పడితే అది చెడిపోతుంది. మంచుకు తడిసినా అంతే. చెయ్యి తగలకూడదు. కుప్పకొక కొత్త పుల్ల. ఒక కుప్ప నుంచి ఒక ట్యూబే. మూత బిగించి, చోటు రాసి, సంచిలో నిలబెట్టి దించాలి. మేకను పట్టుకోకుండా, బెదరగొట్టకుండా, సూది గుచ్చకుండా దాని గురించి తెలుసుకునే దారి ఇదొక్కటే.

"అంటే మేకకి తెలియకుండా దాని జాతకం చూస్తున్నావన్నమాట" అని కూతురు నవ్వేది. కాలేజీలో చేరిన పిల్ల. స్నేహితురాళ్ల ముందు అమ్మ పని గురించి చెప్పడానికి ఈ వాక్యం కనిపెట్టుకుంది.

"జాతకం కాదే, రక్తసంబంధం" అనేది కొండక్క. ఆ పిల్లకన్నా ఆమెకే ఆ సంగతి బాగా తెలుసు. ల్యాబ్‌లో చిన్న డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది మరి.

చిన్న డాక్టరమ్మ అంటే డాక్టరు కాదు, ఇంజెక్షనూ చెయ్యదు. జీవశాస్త్రంలో పెద్ద చదువు చదివి కొత్తగా చేరిన అమ్మాయి. చిన్న అని ఎందుకన్నారంటే నిజంగానే చిన్నది, స్టూలెక్కితే తప్ప పై అరలోని డబ్బా అందేది కాదు. ఆ అమ్మాయికి అప్పగించిన పని రెండు కొండల మేకల మధ్య తేడా కొలవడం.

రెండు కొండలూ ఒకప్పుడు ఒకే కొండ. మధ్యలో బండలు పేల్చి పెద్ద రోడ్డు వేశారు. కొండక్క భర్త చిన్నపిల్లవాడుగా ఉన్నప్పటి మాట అది. అప్పట్నుంచి ఆ రోడ్డు మీద లారీలకు తెరిపి లేదు. ఇటువైపు దగ్గరికొండ. దాని వెనక ఇంకా కొండలున్నాయి, అక్కడి మేకలు ఇక్కడికి వస్తాయి, ఇక్కడివి అక్కడికి పోతాయి. అటువైపు ఎత్తుకొండ. దాని చుట్టూ మూడు వైపులా పొలాలు, ఇళ్లు, ఒక వైపు రోడ్డు. అక్కడి మేకలు ఎక్కడికీ పోలేవు, వాటి దగ్గరికి ఇంకేవీ రాలేవు. అలా ఇరుక్కుపోయిన మందలో తరాలు గడిచేకొద్దీ అందరూ అందరికీ దాయాదులైపోతారు. అదే నిజమైతే రోడ్డు కింద నుంచి మేకలు దాటడానికి ఒక దారి తవ్వాలని కేంద్రం వాళ్లు అడగాలనుకున్నారు. కానీ "అయి ఉంటుంది" అంటే ఎవరూ దారి తవ్వరు. కొలిచి చూపించాలి.

దగ్గరికొండకి సగం దాకా జీపు పోతుంది. ఎత్తుకొండకి కాళ్లే. మెట్లు లేవు, కాలిబాట లేదు, నడుమ ఒకచోట నిలువు బండ, పట్టుకోవడానికి పగుళ్లు తప్ప ఏమీ ఉండవు. కొండక్క ఒక చలికాలమంతా ఆ బండ ఎక్కింది, దిగింది. సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడి కాళ్లు చాపుకుంటే కుట్టుమిషను ఆపి భర్త బయటికి వచ్చేవాడు.

"ఇవాళ ఎన్ని దొరికాయే?"

"మూడండీ."

"మూడు పెంటికల కోసం ఇంత ఎక్కావా?"

"మూడు కుప్పలండీ. మూడు మేకలు."

"మరి మేకలకి నీమీద జాలి లేదా, అన్నీ కలిసి ఒకచోటే పోసుకోవచ్చుగా?" అని ఆయన జోకేసి తనే నవ్వేవాడు. దర్జీ ఆయన. మనిషి నెమ్మది, జోకులు అంతకన్నా నెమ్మది.

చలికాలం అయిపోయింది. ట్యూబులన్నీ ల్యాబ్ చేరాయి. ఎండలు ముదురుతుండగా ఒకరోజు పెద్దసారు గదికి రమ్మని కబురొచ్చింది. పెద్దసారు అంటే కేంద్రానికి అధికారి. తల నెరిసిన మనిషి, మాట మెత్తన, కానీ ఒకసారి అనుకున్నాడంటే దాన్ని మార్చడం కష్టం.

గదిలో చిన్న డాక్టరమ్మ ముందే నిలబడి ఉంది. కొండక్క వైపు చూడకుండా టేబుల్ అంచును చూస్తోంది.

"కూర్చోమ్మా" అన్నాడు పెద్దసారు. "రిపోర్టు వచ్చింది. దగ్గరికొండ ట్యూబులు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఏ ట్యూబుకా ట్యూబు వేరే మేక. ఎత్తుకొండవే..." అని ఆగాడు. "సగానికి పైగా ట్యూబులు ఒకే మేకవని వస్తోంది. మిగతావన్నీ కలిపినా నాలుగో అయిదో మేకలు."

"అదెలా సార్? నేను కొండ ఈ చివర నుంచి ఆ చివరదాకా తిరిగాను."

"ఆ దారి మంచిది కాదని నాకూ తెలుసమ్మా. ఎవరైనా అలిసిపోతారు. ఒక్కోరోజు బండ కిందే ఒక కుప్ప కనపడితే, రెండుమూడు ట్యూబులు అక్కడే నింపేసి ఉంటావు. మనుషులం కదా. ఆ మాట చెప్పెయ్యి, ఎవరూ ఏమీ అనరు. ఆ ట్యూబులు పక్కన పడేసి, వచ్చే ఏడాది ఇంకెవర్నైనా పంపిస్తాం. నీకు లోపల సీసాల పని ఉండనే ఉంది, హాయిగా నీడపట్టున."

ఆయన ఆ మాటలు అన్నది కోపంతో కాదు. అందుకే కొండక్కకి ఇంకా ఎక్కువ తగిలాయి. తిడితే తిరిగి అనొచ్చు. జాలిపడితే ఏమంటాం?

తల కొట్టేసినట్టయింది ఆమెకి. లేచి నిలబడింది.

"ఎక్కనిదాన్ని ఎక్కానని చెప్తే అబద్ధం. ఎక్కినదాన్ని ఎక్కలేదని చెప్పినా అబద్ధమే కదా సార్? మీరు ఏ పనిలో పెట్టినా చేస్తాను. ఆ మాట మాత్రం నా నోటితో రాదు."

"అయితే ఈ రిపోర్టుకి అర్థం ఏమిటమ్మా?"

"అది నాకు తెలీదు సార్. నాకు తెలిసింది, ఒక కుప్పకి ఒక ట్యూబు."

పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే. ఎత్తుకొండ సంగతి రిపోర్టులోంచి తీసేద్దాం" అని చిన్న డాక్టరమ్మతో అన్నాడు. అంతే. మర్నాటి నుంచి కొండక్క మళ్లీ సీసాల దగ్గర.

ఇంట్లో ఆ రాత్రి అన్నాలదగ్గర కొండక్క జరిగింది జరిగినట్టు చెప్పింది. చివరికి కూతురు ఉండబట్టలేక "అమ్మా, పోనీ అలిసిపోయానని చెప్పేస్తే ఏం పోయేది?" అంది.

ముసలావిడ చేతిలోని గరిట పళ్లెం మీద టంగుమని మోగింది.

"ఏం పోయేదా? పెంటికలు ఏరుతుందని నేను అంటాను. ఇంట్లో రోజూ అంటాను. నా కోడలు, నేనంటాను. అబద్ధమాడిందని ఎవడంటాడు? ఈ ఇంటికి వచ్చినప్పట్నుంచి ఈ మనిషి నాతో ఒక్క తియ్యటి అబద్ధం ఆడలేదు. నా వంట బాగుందని కూడా అనలేదు!"

కొండక్క తల దించుకుని నవ్వు ఆపుకుంది. భర్త ఆపుకోలేకపోయాడు. అయినా ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

సీసాలు కడుగుతుంటే పక్కవాళ్లు ఎప్పట్లాగే పలకరించారు. కానీ ఎవరూ కొండ ఊసెత్తలేదు. ఆ ఎత్తకపోవడమే ఆమెకు ముల్లులా గుచ్చుకునేది. ఒకరోజు గుమాస్తా "పోన్లే అక్కా, ఈ వయసులో కొండలెందుకు" అన్నాడు. "ఏ వయసులో తమ్ముడూ?" అంది కొండక్క. ఆయన నాలుక కరుచుకుని వెళ్లిపోయాడు. ఆమె మాత్రం సీసాలు అంతకుముందు కన్నా మెరిసేలా కడిగింది. మాట పడ్డానని పని చెడగొట్టే మనిషి కాదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం చిన్న డాక్టరమ్మ వాళ్లింటికి వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు నిలబడింది.

"రా తల్లీ" అంది ముసలావిడ. పిలుపు మర్యాదగానే ఉంది, చూపు మాత్రం కాదు.

"అక్కా, మిమ్మల్ని నేనే ఒకసారి అడుగుదామని వచ్చాను" అంది ఆ అమ్మాయి. "పెద్దసారు ముందు కాదు. ఇక్కడ. మీరు నిజంగా ఆ కుప్పలన్నీ వేరువేరు చోట్ల..."

"నిజంగా డాక్టరమ్మా."

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆమె కళ్లలోకి చూసింది. "సరే" అంది. "నేను నమ్ముతున్నాను. కానీ నా కొలత కూడా అబద్ధం చెప్పలేదక్కా. ఆ ముడి ఎక్కడుందో తెలియక మూడు రోజులుగా నిద్రపట్టడం లేదు."

"అసలు ఏం కొలుస్తావమ్మా నువ్వు?" అంది ముసలావిడ. కోడల్ని నమ్ముతున్నానన్న మాట వినగానే ఆవిడ గొంతు మెత్తబడింది. "మా వాళ్లు చెప్తారు గానీ నాకు ఒక్క ముక్క ఎక్కదు."

చిన్న డాక్టరమ్మ చుట్టూ చూసింది. కిటికీ పక్కన కుట్టుమిషను మీద రెండు గుండీల డబ్బాలున్నాయి. ఒకదాంట్లో ఆడపిల్లల గౌన్లకీ జాకెట్లకీ వేసే రంగురంగుల గుండీలు. రెండోదాంట్లో చొక్కాల గుండీలు, అన్నీ తెల్లవి, ఎక్కడో ఒకటీ అరా నీలంవి.

"ఇవి తీసుకోవచ్చా?"

"తీసుకోండమ్మా, కలపకండి. రేపు పొద్దున చొక్కాలివ్వాలి" అన్నాడు దర్జీ కంగారుగా.

ఆమె నేలమీద కూర్చుని డబ్బాలు ముందు పెట్టుకుంది. "చూడండి మామ్మగారూ. ఏ ప్రాణికైనా ప్రతి గుణానికీ రెండు గుండీలుంటాయనుకోండి. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. ఇది దగ్గరికొండ." రంగుల డబ్బా ముందుకు జరిపింది. "కళ్లు మూసుకుని రెండు తియ్యండి."

ముసలావిడ కళ్లు గట్టిగా మూసుకుని తీసింది. ఒకటి ఎర్రది, ఒకటి పసుపుది.

"రెండూ వేరు. మళ్లీ తియ్యండి. ఆకుపచ్చ, ఎరుపు. మళ్లీ వేరు. ఎన్నిసార్లు తీస్తే ఎన్నిసార్లు వేరుగా వచ్చాయో లెక్కపెడతాను, అంతే. ఎక్కువసార్లు వేరుగా వస్తే ఆ మందలో రకాలు ఎక్కువున్నట్టు. ఒక రోగం వస్తే ఎర్ర గుండీవాడు పడిపోయినా పసుపువాడు నిలబడతాడు. అలా అని మేక మొత్తాన్ని చూడలేం. దాని ఒంట్లో అక్కడక్కడ కొన్ని చోట్లు ఎంచుకుని, అక్కడ మాత్రం ఏ గుండీలున్నాయో చూస్తాను. నేను ఎనిమిది చోట్లు చూశాను. ఆ ఎనిమిదిచోట్లా రెండు ట్యూబులు అచ్చం ఒకేలా ఉంటే, అవి ఒకే మేకవని రాస్తాను."

"మరి ఎత్తుకొండ?"

"ఎత్తుకొండ ఈ డబ్బా." తెల్ల గుండీల్లో చెయ్యి పెట్టి రెండు తీసి పక్కన పెట్టింది. రెండూ తెల్లవి. ఇంకో రెండు. తెల్లవి. ఇంకో రెండు.

"తీసిందే తీస్తున్నావేమో చూసుకో తల్లీ" అంది ముసలావిడ.

"లేదు మామ్మగారూ, తీసినవి పక్కన పెడుతున్నాగా. ఇవి వేరే గుండీలు, చూడ్డానికి ఒకేలా..."

అక్కడ ఆగిపోయింది ఆ అమ్మాయి.

పక్కన వరసగా పెట్టిన తెల్ల గుండీల వైపు చూసింది. చెయ్యి ఇంకా డబ్బాలోనే ఉంది. ఆమె ఏదో పట్టుకుందని అందరికీ అర్థమైంది, ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు.

"రంగుల డబ్బాలో అయితే ఎనిమిది చోట్లు చాలు" అంది తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "ఏ రెండు మేకలూ ఎనిమిది చోట్లా ఒకేలా ఉండవు. ఉంటే అది ఒకే మేక అయి తీరాలి. తెల్లడబ్బాలో... తెల్లడబ్బాలో ఎనిమిది చాలవు. ఎవరిని చూసినా తెలుపే. పది మేకలొచ్చి నా ముందు వరసగా నిలబడినా నాకు ఒకటే కనపడుతుంది." గబుక్కున లేచింది. "అక్కా, నేను దగ్గరికొండ కొలబద్ద పెట్టి ఎత్తుకొండ కొలిచాను!"

చెప్పులు వేసుకుంటూనే బయటికి పరిగెత్తింది. దర్జీ కింద కూర్చుని గుండీలు ఏరి డబ్బాల్లో వేస్తూ "ఇంతకీ ఏం తేలినట్టే?" అని అడిగాడు.

"ఇంకా ఏమీ తేలలేదండీ" అంది కొండక్క. కానీ పెద్దసారు ఆ మాట అన్నాక మొదటిసారి ఆ రాత్రి ఆమెకు కంటినిండా నిద్రపట్టింది.

తర్వాతి రోజులు నత్తనడక నడిచాయి. ట్యూబుల్లో మిగిలిన పెంటికలతో చిన్న డాక్టరమ్మ మళ్లీ మొదలుపెట్టింది. పైన జిగురు కడిగి, అందులోంచి డీఎన్ఏ వేరుచేసి, ఈసారి ఎనిమిది కాదు, అంతకు నాలుగింతల చోట్లు చూసింది. పెంటికలోంచి తీసింది కాబట్టి ఒక్కోసారి రెండు గుండీల్లో ఒకటి దొరక్కుండా జారిపోతుంది, ఉన్నా లేనట్టే కనపడుతుంది. అందుకని ప్రతిదీ మళ్లీ మళ్లీ చెయ్యాలి. కొండక్క గోడకి ఇవతల సీసాలు కడుగుతూ, అవతల యంత్రం తిరిగే చప్పుడు వినేది. అడగాలని నోటిదాకా వచ్చేది. అడగలేదు. అడిగితే తొందరపెట్టినట్టుంటుంది, తొందరపెడితే భయపడినట్టుంటుంది. తనకేం భయం?

ఒక మధ్యాహ్నం తలుపు తెరుచుకుని చిన్న డాక్టరమ్మ తల బయటికి పెట్టింది. జుట్టు రేగిపోయి, కళ్లు ఎర్రబడి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"అక్కా, చేతులు తుడుచుకుని రండి."

తెర మీద గీతలు. మధ్యలో అక్కడక్కడ శిఖరాలు లేచి ఉన్నాయి. చిన్న డాక్టరమ్మ రెండు గీతలు పక్కపక్కన పెట్టింది. "ఈ రెండు ట్యూబులూ ఒకే మేకవని రాశాను, గుర్తుందా? ముందుగా అది పోతా, ఆడదా అని చూశాను. అంతకుముందు చూడాలని తట్టలేదు. ఇదిగో, ఇది ఆడది. ఇది పోతు."

కొండక్క కాసేపు ఆ గీతలను చూసింది. "అయితే పొద్దున పోతుగా ఉన్న మేక సాయంత్రానికి ఆడదయిందంటారా డాక్టరమ్మా?"

ఆ అమ్మాయి పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి స్టూలు మీద కూర్చుండిపోయింది. "పోతు గుర్తు ఒక్కోసారి జారిపోయి పోతు కూడా ఆడదానిలా కనపడొచ్చు. అందుకే మూడుసార్లు చేశాను. కానీ ఆడదాని పెంటికలో పోతు గుర్తు ఎక్కణ్ణుంచీ రాదు కదా. తర్వాత మిగతా చోట్లు చూశాను. చాలాచోట్ల తెలుపే. కానీ కొన్నిచోట్ల, కొన్ని చోట్లే, ఒక నీలం గుండీ దాక్కుని ఉంది. వాటితో ఒక్కొక్కటీ విడిపోయింది. ఇది వేరు, ఇది వేరు, ఇది వేరు..." తెరమీద వేలు పరిగెత్తింది. "దాదాపు ప్రతి ట్యూబూ ఒక్కో వేరే మేకదే అక్కా. రెండే రెండు మాత్రం నిజంగా ఒకదానివే. అదీ కొండ ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి."

"అదొక తిరుగుబోతు అయుంటుంది" అంది కొండక్క. మొహం పక్కకి తిప్పుకుని కొంగుతో తుడుచుకుంది. చిన్న డాక్టరమ్మ చూడనట్టు తెరవైపు తిరిగింది.

కొంతసేపటికి కొండక్కే అడిగింది. "మరి రకాల సంగతి?"

"అది మాత్రం బాగాలేదక్కా. దగ్గరికొండ మేకకి పదిచోట్ల చూస్తే ఆరేడు చోట్ల రెండు గుండీలూ వేరు. ఎత్తుకొండ మేకకి ఒక్కచోట, మహా అయితే రెండు. అందరూ దాయాదులే."

"అంటే వాటికి దారి కావాలి."

"కావాలి. ఇప్పుడు అడగొచ్చు. మీ ట్యూబులు లేకపోతే అడగడానికి ఏమీ ఉండేది కాదు."

తర్వాత జరిగిన మీటింగ్‌కి సీసాలు కడిగేవాళ్ల దగ్గర్నుంచి జీపు డ్రైవరు దాకా అందర్నీ పిలవమన్నది పెద్దసారే. కొండక్కని గదిలోకి పిలిచి మెల్లగా ఒక మాట చెప్పేసి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. మాట పడింది ఒక గదిలోనే అయినా, అది కేంద్రం మొత్తం పాకిందని ఆయనకు తెలుసు. చిన్న డాక్టరమ్మ లెక్కలన్నీ చెప్పాక ఆయన లేచి నిలబడ్డాడు.

"ఎత్తుకొండ ట్యూబుల గురించి నేను ఒక మాట అన్నాను" అన్నాడు. "అది తప్పు. ఆ కొండ మేకలు మనం అనుకున్నదానికన్నా దగ్గరి చుట్టాలు, అందుకే ఒకటిగా కనపడ్డాయి. మన కొలతలో లోపం ఉంటే దాన్ని మనిషి మీద వేశాను. ఆవిడ ఏం చెప్పిందో అదే నిజం." కొండక్క వైపు తిరిగాడు. "నన్ను క్షమించమ్మా. నీకేం కావాలో చెప్పు."

అందరి చూపులూ ఆమె మీదికి తిరిగాయి. సీసాల దగ్గర ఎవరూ ఊసెత్తని కొండ ఇప్పుడు గదినిండా ఉంది. గుమాస్తా అందరికన్నా ముందు చప్పట్లు కొట్టాడు. కొండక్క వీపు నిటారుగా పెట్టుకుని నిలబడింది. ఆ క్షణంలో ఆమె ఎత్తు ఇంకొంచెం పెరిగిందని జీపు డ్రైవరు తర్వాత అందరికీ చెప్పాడు.

"నా కొండ నాకిచ్చెయ్యండి సార్" అంది.

"అది నీదే. ఇంకేమైనా?"

ఆమె ఒక్కక్షణం ఆలోచించింది. "మీరూ ఒకసారి రండి సార్. చూద్దురుగాని."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దసారు పొట్ట సవరించుకున్నాడు. కానీ అందరి ముందు తప్పు ఒప్పుకున్న మనిషి, అందరి ముందే వెనక్కి తగ్గలేకపోయాడు.

చల్లటి గాలి తిరిగాక ఒక తెల్లవారుజామున ముగ్గురూ ఎత్తుకొండ ఎక్కారు. ముందు కొండక్క, వెనక చిన్న డాక్టరమ్మ, ఇంకా వెనక పెద్దసారు. మొదట ఆయన కబుర్లు చెప్తూ నడిచాడు. తర్వాత కబుర్లు తగ్గాయి. తర్వాత శ్వాస ఒక్కటే వినపడింది. నిలువు బండ దగ్గరికి వచ్చేసరికి తలెత్తి పైకి చూసి, చెమట తుడుచుకుని, "ఇది ఎక్కేదానివా నువ్వు?" అన్నాడు.

"చలికాలమంతా సార్."

పగుళ్లలో ఎక్కడ కాలు పెట్టాలో ఆమె ఒక్కొక్కటీ చూపిస్తుంటే, ఒకచోట చెయ్యి అందిస్తే, నానా అవస్థా పడి ఎక్కాడు. పైకొచ్చాక ఒక రాయి మీద కూలబడ్డాడు. ఎదురుగా, కొంచెం పైన, మేకలు కనపడ్డాయి. అవి వీళ్లను చూసి కదల్లేదు, మేత మానలేదు. ఒకే రంగు, ఒకే కొమ్ము, ఒకే చూపు. చిన్న డాక్టరమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది. తెర మీద శిఖరాలుగా మాత్రమే ఆమెకు తెలిసినవి ఈ మేకలు.

కొండక్క అప్పటికే సంచి భుజానికి సరిచేసుకుని ముందుకు సాగిపోయింది. అసలు చోటు ఇంకా పైనుంది. శిఖరం చుట్టూ తిరిగి అవతలికి దిగాలి, మళ్లీ ఎక్కాలి. ఎండ పడకముందే చేరాలి.

వెనకనుంచి పెద్దసారు గొంతు, ఆయాసంతో తెగితెగి వచ్చింది. "ఏమ్మా... ఇంకా ఎంతదూరం?"

కొండక్క వెనక్కి తిరిగి చూడలేదు.

"వచ్చేశాం సార్" అంది. "ఈ మలుపు తిరిగితే అదే."

ఆ కొండ మీద ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే.